పూజలో ఉన్న కటింగ్ ప్లేయర్

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే మనిషి రిటైరై ఉండాలంటారు. నాకు ముప్పై ఒకటి. అయితే నేను చెప్పబోయే షెడ్డు నుంచి మాత్రం నన్ను పూర్తిగా రిటైర్ చేశారు, ఒక్క మధ్యాహ్నంలో, శాలువా లేకుండా. మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చేశాయి కాబట్టి అర్హత ఉన్నట్టే అనుకుంటున్నాను. ఐటీఐ ముగించి రేపోమాపో ఆటోనగర్‌లో చేరబోయే తమ్ముళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. ఇంజను గురించి చెప్పడానికి మీకు చాలామంది ఉంటారు. నేను దేవుడి గురించి చెబుతాను. షెడ్డులో ఆయన కూడా స్టాఫే. హాజరుపట్టీలో కనపడడు కానీ, ఏదైనా జరిగితే ముందు ఆయన పేరే బయటికొస్తుంది.

మా షెడ్డులో పెద్ద బళ్ళే చేసేవాళ్ళం. లారీలు, కాలేజీ బస్సులు. నాకు అప్పటికి నాలుగేళ్ళ సర్వీసు. నా మీద మేస్త్రి, మేస్త్రి మీద ఓనరు, ఓనరు కుర్చీ వెనకాల గోడకి అమ్మవారి ఫోటో. మేస్త్రి ఇంజను శబ్దం విని జబ్బు చెప్పేవాడు. ఒక్కోసారి తప్పు చెప్పేవాడు కానీ, ఎంత ధీమాగా చెప్పేవాడంటే ఇంజనే మొహమాటపడి ఆ జబ్బు తెచ్చుకునేది. పని నాకు నేర్పింది ఆయనే. ఇది ముందే చెప్పేస్తున్నాను, తరవాత ఆయన మీద మీకు కోపం వస్తే కొంచెం తగ్గించుకుంటారని.

ఆ దసరాకి ఆయుధ పూజ రోజు పొద్దున్నే ఒక కాలేజీ బస్సు వచ్చింది. దాని డ్రైవరు భవానీపురం నుంచి వచ్చే భాయ్. పదిహేనేళ్ళుగా అదే కాలేజీకి తోలుతున్నాడు. మా షెడ్డు పూజకి ఏటా వచ్చేవాడు, ప్రసాదం పులిహోర రెండు పొట్లాలు పట్టుకెళ్ళేవాడు. ఒకటి నాకు, ఒకటి మీ వదినకి అనేవాడు. రెండూ తనే తినేవాడని వదిన తరవాత చెప్పింది.

"తమ్ముడూ, ముందు కుడివైపు గాలి కారుతున్నట్టుంది. బ్రేకు నొక్కితే బుస్సుమంటోంది," అన్నాడు భాయ్.

చూశాను. బ్రేకు డబ్బాలో రబ్బరు చిరిగింది. విప్పి కొత్తది వేశాను. ఇక్కడ ఒక్క చిన్న వస్తువు గురించి మీకు చెప్పాలి, మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది. బ్రేకు డబ్బాలోంచి వచ్చే కడ్డీని చక్రం వైపు ఉన్న మీటకి కలుపుతూ ఒక లావు పిన్ను ఉంటుంది. అది జారిపోకుండా దాని చివరి చిల్లులో ఒక సన్నటి పిన్ను దూరుస్తాం, రెండు కాళ్ళది, స్ప్లిట్ పిన్ను. దూర్చాక ఆ రెండు కాళ్ళనీ చెరో పక్కకి ప్లేయర్‌తో వంచాలి. వంచకపోతే కుదుపులకి సన్నది రాలిపోతుంది, దాని వెనకాలే లావుది. అప్పుడు ఆ చక్రానికి బ్రేకు ఉండదు. ఆ చక్రానికి మాత్రం ఆ సంగతి తెలియదు.

సన్న పిన్ను దూర్చాను. ఇంతలో మేస్త్రి కేక. "ముహూర్తం దాటిపోతోంది, సామాన్లన్నీ పట్రండ్రా!"

ఆయుధ పూజంటే మాకు పనిముట్ల పండగ. స్పానర్లు, సుత్తులు, జాకీలు అన్నీ కిరసనాయిలుతో కడిగి, ఎర్రగుడ్డ మీద వరసగా పేర్చి, ఒక్కోదానికి పసుపూ బొట్టూ పెడతాం. హారతి అయ్యాక మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ఒక్కటి కదపకూడదు. నేను చేతిలో ఉన్నవన్నీ పట్టుకెళ్ళి ఇచ్చేశాను. కొబ్బరికాయ కొట్టారు. హారతి కళ్ళకద్దుకుంటుంటే గుర్తొచ్చింది, పిన్ను కాళ్ళు వంచలేదని.

"మేస్త్రీ, ఒక్క కటింగ్ ప్లేయర్ తీసుకుంటా. రెండు నిమిషాలు."

"చెయ్యి విరుగుద్ది. పూజలో ఉన్నదాన్ని ముట్టుకుంటావంట్రా?"

"పిన్ను వంచాలండీ."

"రేపు ఉద్వాసన అయ్యాక వంచుదువులే. బస్సు ఎక్కడికి పోద్ది?"

పక్క షెడ్డుకెళ్ళి అడుగుదామంటే వాళ్ళ ప్లేయర్లు కూడా బొట్లు పెట్టుకుని పడుకుని ఉన్నాయి. ఆ రోజు ఆటోనగర్ మొత్తంలో పనికొచ్చే ప్లేయర్ ఒక్కటి కూడా లేదు. ఇన్ని వేల పనిముట్లున్న ఊళ్ళో రెండు అంగుళాల తీగ వంచే దిక్కు లేకపోయింది. వేళ్ళతో వంచబోయాను, అది నా వేలునే వంచింది.

బస్సు ఎక్కడికి పోద్ది అన్నాడు కదా మేస్త్రి. మర్నాడు పొద్దున ఆరింటికి పోయింది. సెలవులు ముగిసేలోపు బస్సు కడిగించాలని కాలేజీవాళ్ళు చెప్పారట, భాయ్ వచ్చి వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ పూట దుర్గమ్మ కొండ మీద దర్శనం లైన్లో ఉన్నాను. బస్సు పోయిందని ఆ తరవాతి రోజు షెడ్డుకి వస్తే తెలిసింది.

"భాయ్‌కి ఫోన్ చేసి వెనక్కి పిలుద్దామా?" అన్నాను.

మేస్త్రి నవ్వాడు. "ఏమని చెప్తావ్? పిన్ను మర్చిపోయామనా? షెడ్డు పరువేం కాను? మళ్ళీ సర్వీసుకి వచ్చినప్పుడు చూసుకుందాం. పూజలో ఉన్న బస్సురా అది. దేవుడి మీద భారం వెయ్యి."

వేశాను. చాలా తేలిగ్గా వేశాను. లారీకి లోడెత్తేటప్పుడు ఎన్ని టన్నులు మోస్తుందో కాగితం చూసి ఎత్తుతాం. దేవుడి మీద వేసేటప్పుడు మాత్రం ఆయన ఎంత మోయగలడని ఎవరూ అడగరు. భాయ్ నంబరు నా ఫోన్లోనే ఉంది. రోజూ పొద్దున గులాబీ పువ్వు మీద శుభోదయం అని స్టేటస్ పెట్టేవాడు. ఆ గులాబీలు వరసగా వారం రోజులు చూశాను. ఫోన్ మాత్రం చేయలేదు.

పూజ అయిన తొమ్మిదో రోజు సాయంత్రం, పిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపుతూ వెళుతుంటే, ఉయ్యూరు అవతల కాలువ గట్టు మీద ఒక గేదె అడ్డమొచ్చింది. భాయ్ గట్టిగా బ్రేకు నొక్కాడు. మూడు చక్రాలు పట్టుకున్నాయి, ముందు కుడిది పట్టుకోలేదు. బండి ఎడమకి లాగేసింది. ఎడమన నిండు కాలువ. లోపల ముప్పైమందికి పైగా పిల్లలు.

గట్టు అంచున ఒక టీకొట్టు అతను కట్టుకున్న సిమెంటు అరుగుంది. కాలువ స్థలంలోకి జరిగి కట్టినది. కొట్టేయాలని ఎవరో ఎప్పుడో ఎర్ర రంగుతో గుర్తు కూడా వేసిపోయారు. బస్సు కడుపు ఆ అరుగు మీద కూర్చుని ఆగిపోయింది. మూతి లైట్ల దాకా నీళ్ళలో, వెనక భాగం గాలిలో. పిల్లలందరూ వెనక తలుపులోంచి దిగిపోయారు. దెబ్బలు తగిలాయి, ఒకమ్మాయికి ముందు పళ్ళు రెండు పోయాయి. ప్రాణాలు మాత్రం ఎవరివీ పోలేదు. భాయ్‌కి కుడి మడమ విరిగింది.

మర్నాటి నుంచి ఎవరు కాపాడారనే విషయంలో పెద్ద పోటీ మొదలైంది. మా మేస్త్రి అమ్మవారన్నాడు, ఆయుధ పూజలో ఉన్న బస్సు కాబట్టి. పళ్ళు పోయిన అమ్మాయి తల్లి, ఆదివారం చర్చిలో తాను చేయించిన ప్రార్థన అంది. ఆ ఊరివాళ్ళు ఏకంగా ఆ అరుగుకే పసుపు రాసి బొట్టు పెట్టేశారు. ఇక దాన్ని కొట్టే మొనగాడు పుట్టడు. టీకొట్టు అతను చాలా భక్తిగా ఉన్నాడని విన్నాను.

ముంచబోయింది ఎవరనే పోటీకి మాత్రం ఒక్కడే అభ్యర్థి. నిద్రపోయాడన్నారు. ఫోన్లో ఉన్నాడన్నారు. మా ఓనరు గారు, పాపం తాను చూడలేదు కానీ, "ఫోన్ మాట్లాడుతున్నాడంట కదా," అని రోజుకి పదిమందికి చెప్పి, ఆ పదిమందిలో ఒకడు తిరిగొచ్చి తనకి చెబితే, "చూశారా, అందరూ అదే అంటున్నారు," అనేవాడు. మెప్పు పంచుకోవడానికి ఇంతమంది దేవుళ్ళు, తప్పు మోయడానికి ఒక్క డ్రైవరు. నాకు ఈ పంపకం మీద మొదటి నుంచీ అనుమానమే. అయితే ఆ అనుమానాన్ని నోట్లోనే పెట్టుకుని ఆస్పత్రికి యాపిల్స్ పట్టుకెళ్ళాను.

భాయ్ మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు.

"నిద్రపోయావా భాయ్ నిజంగా?" అన్నాను. తెలిసి అడిగాను. ఇంతకంటే సిగ్గులేని ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు.

"ఏమో తమ్ముడూ. పోలేదనే అనుకుంటున్నా. కానీ బండి అట్టా ఎందుకు లాగింది? ఇన్నేళ్ళలో ఎప్పుడూ లాగలేదే? కన్ను మూతపడే ఉంటది." గోడ మీద గోటితో గీస్తూ అన్నాడు, "ఆ రోజు తెల్లారి నమాజుకి లేవలేదు నేను. జ్వరంగా ఉందని పడుకున్నా. అందుకే అల్లా చూపించాడు. పిల్లల్ని కాపాడి, నాకు మాత్రం శిక్ష వేశాడు. సరిగ్గానే వేశాడు."

నేను యాపిల్స్ బల్ల మీద పెట్టి వచ్చేశాను. పదిహేనేళ్ళు ఒక్క గీత పడకుండా బండి తోలినవాడు, నేను వంచని తీగముక్కకి, తన దేవుడికి సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. లైసెన్సు పోతే ఆయనకి వేరే పని రాదు. కేసు కూడా ఆయన మీదే.

బస్సుని క్రేనుతో తీసి, స్టేషన్ దగ్గర చోటు లేక మా షెడ్డు ముందే పెట్టించారు. ఒళ్ళంతా కాలువ బురద, గుర్రపుడెక్క వేళ్ళాడుతూ. ఎవరూ లేనప్పుడు కిందకి దూరి చూశాను. ముందు కుడిచక్రం దగ్గర లావు పిన్ను లేదు, సన్నది లేదు. కడ్డీ ఒంటరిగా వేళ్ళాడుతోంది.

ప్రమాదం జరిగిన పదకొండో రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండి చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. ఆ పొద్దున మళ్ళీ కిందకి దూరాను, చెప్పేయాలా వద్దా అని ఆ కడ్డీనే అడుగుదామన్నట్టు. పిన్ను ఉంది. లావుదీ ఉంది, సన్నదీ ఉంది. సన్నదాని కాళ్ళు రెండూ రెండు పక్కలకి, పాపిడి తీసినట్టు వంచి ఉన్నాయి. నాలుగేళ్ళలో నేనెప్పుడూ అంత అందంగా వంచలేదు. ఆటోనగర్‌లో అట్టా వంచేది ఒక్కరే.

బయటికొచ్చి మేస్త్రి పక్కన నిలబడ్డాను. "మేస్త్రీ, కుడిచక్రం దగ్గర మహిమ జరిగిందండీ."

"జరిగితే దణ్ణం పెట్టుకుని ఊరుకో."

"మీరు పెట్టారా?"

"అమ్మవారు పెట్టిందనుకో, నీకేం నొప్పి?" అని గొంతు తగ్గించాడు. "ఒరేయ్, నీకింకా పెళ్ళి కావాలి. నాకు ఇంటర్ చదివే కూతురుంది. షెడ్డు మూసేస్తే పన్నెండు మంది రోడ్డున పడతారు. భాయ్‌కి ఎట్టాగూ కాలు విరిగింది. ఏడాది దాకా బండెక్కలేడు. పోయేదేముంది? పిల్లలంతా బతికారు. దేవుడు ఇంత చేశాక, మనం మధ్యలో దూరి చెడగొట్టడమేంటి?"

ఆయన మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అందుకే నాకు భయమేసింది. అన్నీ నిజాలే పేర్చి మనిషి అంత అన్యాయం చేయొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. సన్నగా, నెమ్మదిగా, ఎండకి విసుక్కుంటూ. టార్చి పట్టుకుని నాలుగు చక్రాలూ చూశారు, అట్ట మీద కాగితం పెట్టి రాసుకున్నారు. "బ్రేకులు అన్నీ కనెక్షన్‌లోనే ఉన్నాయి. మెకానికల్ లోపం ఏం లేదు," అన్నారు. ఓనరు గారు మజ్జిగ గ్లాసు అందించారు. మేస్త్రి గోడ మీద ఫోటోకేసి చూసి కళ్ళు మూసుకున్నాడు. ఇంకొక్క సంతకం. అంతే.

నేను పెద్ద ధైర్యవంతుణ్ణి అనుకోకండి. ఆ సమయానికి నాకు వచ్చింది ధైర్యం కాదు, జోకు. స్కూల్లో కూడా దీనివల్లే దెబ్బలు తిన్నాను.

"సార్," అన్నాను, "బస్సంతా కాలువలో స్నానం చేసింది కదండీ. ఆ కుడిచక్రం పిన్ను ఒక్కటే ఎందుకు చెయ్యలేదో అడగండి."

ఆయన ముందు నవ్వారు. తరవాత నవ్వు ఆపేసి, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ కిందకి దూరారు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేసరికి మోచేతులకి బురద.

"ఇది కొత్తది. నిన్నో ఇవాళో వేశారు. అంతకుముందు ఇక్కడేముంది?"

"ఏమీ లేదండీ. పూజ రోజు నేనే దూర్చాను, కాళ్ళు వంచలేదు. రాలిపోయింది. డ్రైవరు నిద్రపోలేదండీ. ఆయన మడమ ఎక్సరే చూడండి, పెడల్ మీద ఎంత గట్టిగా తొక్కిపెట్టాడో అందులోనే ఉంటుంది."

"ఎందుకు వంచలేదు?"

"ప్లేయర్ పూజలో ఉందండీ."

ఆయన పెన్ను ఆగింది. దీన్ని రిపోర్టులో ఏ గడిలో రాయాలో తెలియనట్టు కాసేపు కాగితం వైపే చూశారు. తరవాత అడిగారు, "మరి ఈ కొత్త పిన్ను ఎవరు పెట్టారు?"

మేస్త్రి ఊపిరి ఆగినట్టు నాకు వినపడింది. ఇంజను శబ్దం వినడం ఆయనే నేర్పాడు కదా.

"తెలియదండీ," అన్నాను.

"అమ్మవారు పెట్టిందా?"

"అయ్యుండొచ్చండీ."

ఆ రోజు చెప్పిన అబద్ధం అదొక్కటే. ఆయన నమ్మలేదు, రాసుకోనూ లేదు.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఓనరు గారు నన్ను రిటైర్ చేశారు. మేస్త్రి నా వైపు చూడలేదు. నా టిఫిన్ బాక్సు తీసుకుని వెళుతుంటే గేటు దాకా వెనకాలే వచ్చి, అక్కణ్ణుంచే వెనక్కి పోయాడు. తిట్టడానికి వచ్చాడో, ఇంకెందుకో, ఇప్పటికీ అనుమానమే.

ఆ సాయంత్రమే భవానీపురం వెళ్ళాను. భాయ్ కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకున్నాడు. ఆయన భార్య చాయ్ పెడుతోంది. నిలబడే అంతా చెప్పేశాను. పూజ, ప్లేయరు, వారం రోజుల గులాబీలు, అన్నీ.

భాయ్ వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. క్షమిస్తాడని ఒక మూల, కొడతాడని ఇంకో మూల ఎదురుచూస్తున్నాను.

"పదకొండు రోజులు," అన్నాడు చివరికి. "పదకొండు రోజులు తౌబా చేశాన్రా! తప్పయిపోయింది, క్షమించు అని రోజుకి ఐదుసార్లు ఏడ్చాను. నువ్వు చేసినదానికి!"

"సారీ భాయ్."

"నాకెందుకు సారీ? ఆయనకి చెప్పు! చెయ్యని తప్పుకి వీడెవడ్రా వదలకుండా వచ్చి ఏడుస్తున్నాడని ఆయన విసుక్కుని ఉంటాడు."

లోపల్నుంచి వదిన గరిటెతో సహా బయటికొచ్చింది. "నేనూ తిట్టానే! నిద్రమొహం అని రోజూ తిట్టానే!" అని భర్త వైపు చూసి, నా వైపు చూసి, ఎవరి మీద అరవాలో తేలక, ఆ గరిటె అట్టాగే పట్టుకుని ఏడ్చేసింది. భాయ్ కూడా మొహం తిప్పుకున్నాడు. చాయ్ పొంగిపోయిన వాసన వచ్చేదాకా ఎవరూ కదల్లేదు.

తరవాత, పొంగగా మిగిలిన చాయ్ తాగుతూ, నేను ఉండబట్టలేక అడిగాను. "మరి ఆయనే కదా కాపాడిందంటున్నారు. అదేదో పిన్ను దగ్గరే ఆపేస్తే అయిపోయేది కదా భాయ్?"

"ఆయన అరుగు పెట్టాడు."

"అరుగు పెట్టింది టీకొట్టు వాడు. కాలువ స్థలం ఆక్రమించి."

"వాడికా ఆక్రమించే బుద్ధి ఎవరిచ్చారు?"

"అయితే నా బద్ధకం కూడా ఆయనే..."

"ఏయ్," అన్నాడు భాయ్ వేలు చూపించి. "నీ బద్ధకం నీదే. అది ఆయన మీద వేశావంటే, ఈ కట్టు విప్పాక మొదటి తన్ను నీకే."

మంచిదైతే ఆయనది, చెడ్డదైతే నాది. ఇదేం న్యాయమని వాదిద్దామనుకున్నాను కానీ, ఆ కాలు చూసి ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ ఆలోచించినా నాకు తేలలేదు. ముప్పైమందికి పైగా పిల్లలు బతికింది దేవుడి వల్లో, టీకొట్టు వాడి ఆశ వల్లో, నేను చెప్పలేను. పిన్ను రాలింది ఎవరి వల్లో మాత్రం చెప్పగలను, కోర్టులో చెప్పాను కూడా. రెండేళ్ళు వాయిదాలకి తిరిగాను. నాకు దేవుడి మీద అనుమానం లేదు తమ్ముళ్ళూ. ఇప్పటికీ దసరాకి లైన్లో నిలబడతాను. ఆయన మీద భారం వేద్దాం అనేవాడి మీదే అనుమానం. అది నేనైతే ఇంకా ఎక్కువ.

భాయ్ లైసెన్సు నిలిచింది. కాలు కొంచెం ఈడుస్తాడు, కానీ కాలేజీవాళ్ళు ఏడాదిన్నర తరవాత మళ్ళీ బస్సిచ్చారు. ఇప్పుడు నేను పనిచేసే షెడ్డు వేరే, వీధి అదే. మొన్న దసరాకి ఆయుధ పూజ రోజు ఆ బస్సే సర్వీసుకి తెచ్చాడు. ఎర్రగుడ్డ మీద సామాన్లన్నీ పేర్చి ఉన్నాయి. హారతి అయింది. పులిహోర రెండు పొట్లాలు చంకలో పెట్టుకుని భాయ్ నా వెనక జేబులోంచి కనపడుతున్న కటింగ్ ప్లేయర్ వైపు చూశాడు.

"దానికి బొట్టు లేదేం?"

"డ్యూటీలో ఉంది భాయ్."

భాయ్ పొట్లాలు బానెట్ మీద పెట్టి, ఆ కాలితోనే కష్టపడి కిందకి వంగి, నా చేతిలో టార్చి లాక్కుని, ముందు కుడిచక్రం లోపలికి చెయ్యి పెట్టాడు. పిన్ను కాళ్ళు రెండూ బొటనవేలితో తడిమాడు. తరవాత ఎడమవైపు కూడా చూశాడు. లేచి, చేతులు తుడుచుకుని, సీటెక్కి, బిస్మిల్లా అని బండి స్టార్ట్ చేశాడు.

నా మీద ఆయనకి ఇంకా నమ్మకం కుదరలేదు. బస్సు వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. నాకదే బాగుంది.